నల్లబడింది కానీ మాగలేదు: ఒక మిద్దె తోట కంపోస్ట్ కేసు

"టమాటా, వంగ మొక్కలు కింద ఆకుల నుంచి పసుపు పచ్చగా అయిపోతున్నాయమ్మా. బలం చాలట్లేదేమో. ఇంకో రెండేసి గుప్పెళ్లు కంపోస్ట్ వెయ్యనా?"

జూలై రెండో వారంలో వచ్చిన ఫోన్ ఇది. అవతల మాట్లాడుతున్నావిడ రిటైర్డ్ టీచర్. ఉప్పల్ అవతల కాలనీలో 200 గజాల ఇల్లు, పైన మిద్దె తోట. మొక్కలు నాటి పన్నెండు రోజులైందట. ఎరువు ఎంత వేశారని అడిగితే "సగానికి సగం వేశానమ్మా, మన సొంత కంపోస్టే కదా" అన్నారు. ఆ మాటతోనే నాకు అనుమానం వచ్చింది. ఏమీ వెయ్యొద్దనీ, నీళ్లు కూడా ఆపమనీ చెప్పి మర్నాడు పొద్దున్నే వెళ్లాను.

ఇళ్లకు వెళ్లి కంపోస్ట్ డబ్బాలు పెట్టించడం, చెడిపోయినవి బాగుచేయడం నా పని. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ వాసన గురించో, పురుగుల గురించో ఉంటాయి. మొక్కలు చచ్చిపోతున్నాయని వచ్చేవి తక్కువ. ఎందుకంటే మొక్క పోతే ఎండనో, విత్తనాన్నో, దిష్టినో అనుకుంటారు తప్ప ఇంట్లో చేసుకున్న ఎరువును ఎవరూ అనుమానించరు. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం అదే.

మొదటి రోజు చూసింది

మొత్తం 14 మొక్కలు, 15 అంగుళాల గ్రో బ్యాగుల్లో. కింద ఆకులు పసుపు, పై ఆకులు చిన్నగా, ముడుచుకుని ఉన్నాయి. నాటినప్పుడు ఎంత ఎత్తున్నాయో అంతే ఉన్నాయి. ఆకు చూస్తే నత్రజని కొరతలా ఉంది. కానీ ఆకు చెప్పేది సగమే. మిగతా సగం వేరు చెబుతుంది. అన్నిటికన్నా నీరసంగా ఉన్న టమాటా మొక్కను, ఎలాగూ బతకదు కాబట్టి, టీచర్‌గారిని అడిగి మెల్లగా పైకి తీశాను.

తెల్లగా, దారాల్లా పిల్లవేళ్లు ఉండాల్సిన చోట నాలుగంటే నాలుగు లావు వేళ్లు, కొసలు గోధుమరంగులో మాడినట్టు. పిల్లవేళ్లే లేవు. వేలితో పట్టుకుంటే పై తొక్క జారిపోయింది. ఆ గుంతలో చెయ్యి పెడితే మట్టి వెచ్చగా తగిలింది. థర్మామీటర్ గుచ్చితే 37 డిగ్రీలు చూపించింది. ముసురు పట్టిన ఆ పొద్దున బయట గాలి 27 డిగ్రీలే ఉంది. అంటే ఆ ఎరువు ఇంకా ఉడుకుతూనే ఉంది. డ్రమ్ములో జరగాల్సిన పని మొక్క వేళ్ల చుట్టూ జరుగుతోంది.

"నల్లగా అయిపోయిందమ్మా. నల్లబడితే అయిపోయినట్టేగా?" అన్నారు టీచర్‌గారు. ఆవిడ తప్పేం లేదు. ఎక్కడ చూసినా కంపోస్ట్ తయారైందని చెప్పడానికి మొదట చెప్పే గుర్తు నలుపే. కానీ కుళ్లినా నల్లబడుతుంది, మాగినా నల్లబడుతుంది. మన ఊళ్లలో రైతు ఎరువు కొనేటప్పుడు రంగు అడగడు. "మాగిందా?" అని అడుగుతాడు. దిబ్బ మీద పెంట ఏడాదంతా పడుతూ ఉంటే, వేసవిలో ఏరువాకకు ముందు బండ్లకెత్తి పొలానికి తోలేవాళ్లు. అడుగున ఉన్నది తవ్వి పిడికిట పట్టి, వాసన చూసి, పొడిపొడిగా రాలితేనే తోలేది. పచ్చి పెంట వేస్తే పైరు మాడుతుందనీ, చెదలు పడతాయనీ వాళ్లకు తెలుసు. ఆ జ్ఞానం మిద్దె మీదకు రాలేదు.

డ్రమ్ము మూత తీస్తే

ఎరువు తీసిన డ్రమ్ము, ఇప్పుడు నింపుతున్న డ్రమ్ము పక్కపక్కనే ఉన్నాయి. 100 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు. పక్కల కాస్త పెద్ద మేకుతో చేసిన రంధ్రాలు పది పన్నెండు ఉన్నాయి గానీ, చాలావరకు లోపలి ముద్ద అంటుకుని మూసుకుపోయాయి. అడుగున రంధ్రమే లేదు. మూత తియ్యగానే కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమంది. మాస్టారు, అంటే టీచర్‌గారి భర్త, మెట్ల దగ్గరే ఆగిపోయారు. వాసన గురించి ఇంట్లో గొడవ నడుస్తోందని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

గ్లౌజు వేసుకుని ఒక పిడికెడు తీసి పిండాను. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ధారగా కారాయి. సరైన కంపోస్ట్‌ను గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే. ఉతికి పిండిన గుడ్డలో ఉండేంత తడి అన్నమాట. డ్రమ్మును పక్కకు వంచితే అడుగున నాలుగు వేళ్ల లోతు నల్లనీళ్లు కదిలాయి.

రోజూ ఏం వేస్తున్నారని అడిగాను. కూరగాయల తొక్కలు, టీ పొడి, పూజలో వాడిన పూలు, చింతపండు పిప్పి, అప్పుడప్పుడూ మిగిలిన అన్నం. పైన ఒక గుప్పెడు మట్టి. వారానికోసారి పుల్ల మజ్జిగలో బెల్లం కలిపి చల్లుతున్నారు. ఒక కల్చర్ పొడి కూడా కొన్నారు. ఎండుటాకులు? "మట్టి వేస్తున్నాం కదమ్మా, ఆకులు కూడా వెయ్యాలా?"

ఇక్కడే ఉంది అసలు సంగతి. వంటింటి చెత్తలో 80 శాతం దాకా నీళ్లే. బెండకాయ తొడిమ, సొరకాయ తొక్క, పుచ్చకాయ చెక్క, ఏది పట్టుకున్నా అంతే. కుళ్లడం మొదలవగానే ఆ నీళ్లన్నీ బయటికి వచ్చి సందులు నిండిపోతాయి. గాలి ఆడదు. గాలి ఉంటే బతికే సూక్ష్మజీవులు చచ్చి, గాలి లేకపోయినా బతికేవి రాజ్యమేలతాయి. అవి వదిలేది కుళ్లిన గుడ్డు వాసన వచ్చే వాయువు, ఘాటైన ఆమ్లాలు, మీథేన్. మజ్జిగ, బెల్లం, కల్చర్ పొడి పోసేది సూక్ష్మజీవుల కోసం. ఆ డ్రమ్ములో సూక్ష్మజీవులకు కొదవ లేదు. లేనిది గాలి. పైగా బెల్లం నీళ్లు ఇంకాస్త తడి పెంచాయి.

గాలి లేకుండా ఎరువు తయారవదని కాదు. మన దేశంలోనే రెండు పాత పద్ధతులు ఉన్నాయి. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ రూపొందించింది ఇండోర్ పద్ధతి. చెత్త, పేడ, మట్టి, బూడిద పొరలుగా వేసి, మధ్య మధ్యలో తిరగేస్తూ గాలి ఆడించాలి. మూడు నెలల్లో ఎరువు వస్తుంది. 1930ల చివర్లో శాస్త్రవేత్త సి.ఎన్. ఆచార్య బెంగళూరులో రూపొందించిన పద్ధతిలో గోతిని నింపి మట్టితో కప్పేసి, తిరగెయ్యకుండా వదిలేస్తారు. దానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు కావాలి. టీచర్‌గారు తెలియకుండా చేసింది ఇంచుమించు బెంగళూరు పద్ధతి. ఎరువు తీసింది మాత్రం యాభయ్యో రోజున.

మొక్కలను ఏం చేశాం

ముందు మొక్కలు. మిగిలిన పదమూడింటినీ అదే రోజు సాయంత్రం తీశాం. వేళ్లకు అంటిన ముద్దను మగ్గు నీళ్లతో జాగ్రత్తగా కడిగి, పాత కుండీల్లోంచి తీసిన ఎర్రమట్టి రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపి చిన్న కవర్లలో పెట్టాం. నీడలో, వాన పడని చోట ఉంచాం. వారం రోజులు ఏ ఎరువూ లేదు. వేళ్లు దెబ్బతిన్న మొక్కకు ఎరువు వెయ్యడం జ్వరం పడ్డ మనిషికి విందు భోజనం పెట్టినట్టు. టీచర్‌గారికి అది చాలా కష్టంగా అనిపించింది. రోజూ ఫోన్ చేసి "కొంచెం జీవామృతమైనా పోయనా?" అని అడిగేవారు. వద్దనే చెప్పాను. పదో రోజుకు కొత్త చిగురు కనిపించాక, ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపిన గోమూత్రం పోశాం. తొమ్మిది బతికాయి. నాలుగు పోయాయి.

కారణం విషయంలో ఒక మాట. పచ్చి కంపోస్ట్ వేస్తే సూక్ష్మజీవులు మొక్క నత్రజనిని లాక్కుంటాయని అంటారు. అది రంపపు పొట్టు, ఎండుటాకులు ఎక్కువుండి సగం చివికిన ఎరువు వేసినప్పుడు జరిగే సంగతి. ఇక్కడ అవేవీ లేవు. ఉత్త కూరగాయల చెత్తలో నత్రజని బాగానే ఉంటుంది. వేళ్లను తిన్నవి ఆమ్లాలు, అమ్మోనియా, పైగా గాలి ఆడకపోవడం. వేరు లేని మొక్క పక్కనే అన్నం పెట్టినా తినలేదు. అందుకే ఆకు పసుపైంది. ఈ తేడా ముఖ్యం. నత్రజని కొరత అనుకుని ఇంకో రెండు గుప్పెళ్లు వేసి ఉంటే పద్నాలుగూ పోయేవి.

కరివేపాకు చెట్టు కూడా ఆకు రాల్చింది. దానికి డ్రమ్ములో ఊరిన నల్లనీళ్లు అలాగే పోశారట, 'కంపోస్ట్ టీ' (మాగిన ఎరువును నీళ్లలో నానబెట్టి తీసేది) అనుకుని. అది టీ కాదు, కుళ్లునీరు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా కుండీల్లో అసలే పొయ్యకూడదు. డ్రమ్ములోంచి కారిన నీటిని ఎండుటాకుల మీద చల్లి మళ్లీ డ్రమ్ములోకే పంపడం నా పద్ధతి. సరిగ్గా నడుస్తున్న డ్రమ్ములో అసలు అంత నీరు ఊరదు.

డ్రమ్మును మళ్లీ కట్టడం

రెండు డ్రమ్ముల్లోని ముద్దనంతా మిద్దె మీద రేకుల కింద టార్పాలిన్ పరిచి ఆరబోశాం. రెండు రోజులు వాసన వచ్చింది. పక్కింటివాళ్లకు ముందే చెప్పి వచ్చాను. మూడో రోజుకు గాలి తగిలి వాసన సగానికి సగం పోయింది.

డ్రమ్ములకు పది మిల్లీమీటర్ల డ్రిల్‌తో చుట్టూ నాలుగంగుళాలకొక రంధ్రం, అడుగున ఎనిమిది. లోపల దోమతెర అతికించాం, ఈగలు దూరకుండా. అడుగున జానెడు ఎత్తున ఇటుక ముక్కలు, కొబ్బరి పీచు. నడుమ రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ పైపు ఒకటి నిలువుగా. డ్రమ్మును మూడు ఇటుకల మీద ఎత్తి పెట్టాం, కింద ఒక పళ్లెం.

వంటింటి చెత్తను వారం రోజులు తూకం వేయించాను. చిన్న పిల్లాడితో కలిపి ఐదుగురున్న ఇల్లు. వారానికి 8.4 కిలోలు, రోజుకు సగటున 1.2 కిలోలు. కంపోస్ట్ గురించి ఎన్ని మాటలు చెప్పినా, ఎవరైనా నన్ను లెక్క అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే. కిలో తడి చెత్తలో నీళ్లు పోగా 200 గ్రాముల పదార్థం ఉంటుంది. అందులో కర్బనం సుమారు 90 గ్రాములు, నత్రజని 6 గ్రాములు. అంటే ఒకటికి పదిహేను. సూక్ష్మజీవులు ఇష్టపడేది నత్రజని ఒకటికి కర్బనం 25 నుంచి 30. దానికి 400 గ్రాముల ఎండుటాకులు కలిపితే కర్బనం ఇంకో 160 గ్రాములు, నత్రజని 3 గ్రాముల పైన చేరుతుంది. ఇప్పుడు నిష్పత్తి 27 దగ్గరకు వస్తుంది. తడి శాతం కూడా 80 నుంచి 60కి దిగుతుంది. ఒకే పనితో రెండూ సర్దుకుంటాయి. తూకం వెయ్యక్కర్లేదు. చేత్తో నలిపిన ఆకులైతే ఒక గిన్నె చెత్తకు అదే గిన్నెతో రెండు గిన్నెలు. టీచర్‌గారు ఈ లెక్కను డ్రమ్ము మీద మార్కర్‌తో రాసి పెట్టుకున్నారు: "ఒకటికి రెండు".

కానీ జూలైలో ఎండుటాకులు ఎక్కడ? హైదరాబాద్‌లో కానుగ, వేప, రావి ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో, అంటే ఫిబ్రవరి, మార్చి. వానాకాలంలో దొరికేదంతా తడి ఆకే. ఆ మొదటి విడతకు అట్టపెట్టెల ముక్కలు, కొబ్బరి పొట్టు, కొంచెం రంపపు పొట్టు వాడాం. రంపపు పొట్టు తెచ్చాక చూస్తే అందులో ప్లైవుడ్ పొడి కలిసి ఉంది. ప్లైవుడ్‌లో జిగురు రసాయనాలుంటాయి కాబట్టి ఆ బస్తా పక్కన పడేసి, ఉత్త టేకు పనిచేసే చోటు నుంచి వేరేది తెప్పించాను. తేవడానికి ముందే అడగాల్సింది. కొబ్బరి పొట్టు తడి పీలుస్తుంది గానీ చివకడానికి చాలా కాలం పడుతుంది. అందుకే మొదటి విడత ఆలస్యమవుతుందని ముందే చెప్పాను.

ఆరబోసిన ముద్దకు ఇవన్నీ కలిపి ఒకేసారి డ్రమ్ము నింపాం. నాలుగో రోజున నడుమ వేడి 54 డిగ్రీలు వచ్చింది. మాస్టారు చెయ్యి పెట్టి చూసి, చటుక్కున తీసుకుని, "ఏమేవ్, కాలుతోందే!" అని కిందికి వినపడేలా కేకేశారు. ఆ రోజు నుంచి థర్మామీటర్ ఆయన చేతిలోనే ఉంది. తేదీ, వేడి, పిండితే ఎన్ని చుక్కలు, అన్నీ పాత డైరీలో రాస్తారు.

రోజూ కొంచెం కొంచెం వేసే డ్రమ్ములో మాత్రం ఇంత వేడి రాదు. వేడి నిలవాలంటే కుప్ప ఘనమీటరు దాకా ఉండాలి. 100 లీటర్లంటే అందులో పదో వంతు. కలుపు విత్తనాలు, తెగులు క్రిములు చావాలంటే 55 డిగ్రీలు కనీసం మూడు రోజులు నిలవాలి. ఇళ్లలో అది అనుమానమే. అందుకే తెగులు పట్టిన టమాటా మొక్కలు, గింజ కట్టిన కలుపు మన డ్రమ్ములో వద్దు. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు వద్దు. ఉప్పు కారాలున్న పచ్చళ్లు, నూనె కూరలు వద్దు. పూజ పూలు వెయ్యొచ్చు, దండ దారం తీసేసి. ఈ దారం సంగతి చిన్నదే కానీ, మొదటిసారి జల్లించినప్పుడు బంతిపూల దారాలు గుప్పెడు, యాపిల్ స్టిక్కర్లు పదకొండు తేలాయి.

పురుగుల భయం

ఇంట్లో అందరికన్నా ఎక్కువ టెన్షన్ కోడలికి. ముద్దలో వేలెడు కన్నా చిన్నవి, బూడిదరంగువి, బల్లపరుపుగా ఉన్న పురుగులు వందల్లో ఉన్నాయి. మనవణ్ణి పైకి రానివ్వడమే మానేసింది. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలు. కుట్టవు, కరవవు. పెద్దదైన ఈగ ఇంట్లో వంటల మీద వాలదు. తడి చెత్తను మహా వేగంగా తింటాయి. వాటిని చంపమని నేను ఎప్పుడూ చెప్పను. అయితే అన్నేసి కనిపిస్తే డ్రమ్ములో తడి ఎక్కువైందని అర్థం. ఆకు పెంచితే వాటంతట అవే తగ్గుతాయి. ఇక్కడా తగ్గాయి, మూడు వారాల్లో.

చూడాల్సింది ఇంకొకటి ఉంది. తెల్లగా, లావుగా, ముడుచుకుని అర్ధచంద్రంలా పడుకునే వేరు పురుగు. కంపోస్ట్‌లో ఉన్నంతకాలం పర్వాలేదు, కుండీలోకి వెళితే పచ్చి వేళ్లు కొరికేస్తుంది. జల్లెడ పట్టేటప్పుడు ఏరెయ్యాలి.

మాగిందని ఎలా తెలుసుకున్నాం

మొదటి విడత అక్టోబర్ మొదటి వారానికి చూడ్డానికి తయారైనట్టే ఉంది. నల్లగా, పొడిగా, వానకు తడిసిన మట్టి వాసన. టీచర్‌గారు చలికాలం కూరలకు తొందరపడుతున్నారు. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు సిద్ధంగా ఉంది. నేను మూడు పరీక్షలు పెట్టాను.

ఒకటి, తడి చేసి తిరగేసి మూడు రోజులు చూడటం. మళ్లీ వేడెక్కితే లోపల పని మిగిలే ఉంది. ఇక్కడ వేడెక్కలేదు. రెండు, ఒక గుప్పెడు తడి ఎరువు గాలి చొరని కవర్లో బిగించి మూడు రోజుల తర్వాత విప్పి వాసన చూడటం. విప్పగానే సన్నగా పుల్లటి వాసన, మురుగు ఛాయ తగిలింది. పైపైన చూస్తే తెలియదు, కవర్ విప్పితే తెలుస్తుంది.

మూడోది మెంతుల పరీక్ష. నేను అన్నిటికన్నా నమ్మేది ఇదే. ఒక గిన్నెలో సగం కంపోస్ట్, సగం మట్టి. ఇంకో గిన్నెలో ఉత్త మట్టి. రెంటిలోనూ ఇరవయ్యేసి మెంతులు. ఐదు రోజుల తర్వాత లెక్క. మట్టిలో 18 మొలిచాయి. కంపోస్ట్ కలిపినదాంట్లో 11. మొలిచినవి కూడా వంకరగా, వేరు కొస నల్లబడి ఉన్నాయి. టీచర్‌గారు ఆ రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "అంటే ఆ టమాటాలకు నేను పెట్టింది ఇదేనన్నమాట" అన్నారు. జూలైలో నేను ఎంత చెప్పినా అందని విషయం ఆ పదకొండు మొలకలు చెప్పాయి.

గోనె సంచుల్లో వదులుగా పోసి, నీడలో, అప్పుడప్పుడూ తడి చల్లుతూ నాలుగు వారాలు మాగబెట్టాం. నవంబర్‌లో మళ్లీ మెంతులు వేశాం. ఈసారి రెండు గిన్నెల్లోనూ 18. అప్పుడు వాడాం. ఇళ్లలో ఎక్కువమంది వదిలేసేది ఈ నాలుగు వారాలే. డ్రమ్ము నిండింది, చోటు కావాలి, తీసెయ్యాలి. అందుకే నేను రెండు కాదు, మూడు డ్రమ్ములు పెట్టుకోమంటాను. ఒకటి నిండుతూ, ఒకటి చివుకుతూ, ఒకటి మాగుతూ.

ఫిబ్రవరి ఆకులు, వేసవి

అసలైన విడత మొదలైంది తర్వాతి ఫిబ్రవరిలో. కాలనీ పార్కులో కానుగ ఆకు రాలి మోకాలెత్తు పడుతోంది. ఊడ్చేవాళ్లు ఒక మూలకు చేర్చి తగలబెడుతున్నారు. టీచర్‌గారు వాళ్లతో మాట్లాడి బస్తాలు ఇచ్చారు. 22 బస్తాల ఆకు మిద్దె మీదకు చేరింది. వాన తగలకుండా రేకుల కింద పేర్చి, పైన టార్పాలిన్ కప్పారు. కంపోస్ట్ చేసేవాళ్లకు ఏడాదిలో అసలైన సుగ్గి ఈ రెండు నెలలే. చెత్త రోజూ వస్తుంది, ఆకు ఏడాదికోసారే వస్తుంది. అది చూస్తూ చూస్తూ పొగ కావడం నాకు ఇప్పటికీ బాధే.

మార్చి 5న మొదలుపెట్టిన డ్రమ్ము ఏప్రిల్ 11కు నిండింది. 38 రోజుల్లో 46 కిలోల చెత్త, 18 కిలోల ఆకు పట్టింది. వారానికోసారి తిరగెయ్యడం మాస్టారి పని.

వేసవిని నేను తక్కువ అంచనా వేశాను. తడి ఎక్కువై చెడిన ఇల్లు కదా అని, నీళ్లు వారానికోసారి చల్లితే చాలన్నాను. ఏప్రిల్ చివర 41 డిగ్రీల ఎండకు డ్రమ్ము పైసగం ఎండిపోయింది. వేడి దిగిపోయి, ఎక్కడి పని అక్కడ ఆగింది. ముందు కనిపెట్టింది మాస్టారే. "చీమలు పుట్ట పెడుతున్నాయి" అని ఫోన్ చేశారు. కంపోస్ట్‌లో చీమలు చేరాయంటే తడి తక్కువైనట్టే. డ్రమ్మును నీళ్ల ట్యాంకు నీడకు జరిపి, పైన తడి గోనెపట్టా కప్పి, మూడు రోజులకోసారి బియ్యం కడిగిన నీళ్లు చల్లించాం. పది రోజుల్లో మళ్లీ వెచ్చబడింది.

జూన్ మూడో వారంలో ఇసుక జల్లెడతో జల్లిస్తే 19 కిలోల ఎరువు వచ్చింది. మీద మిగిలిన రెండు కిలోల పుల్లలు, ఈనెలు తర్వాతి డ్రమ్ములోకి వెళ్లాయి. 64 కిలోలు వేస్తే 19 కిలోలా అని కోడలు ఆశ్చర్యపోయింది. నీరు ఆవిరైంది, కర్బనంలో చాలా భాగం గాలిలో కలిసింది. మిగిలినదే ఎరువు. మెంతుల పరీక్షలో 20కి 19.

వాడకం

కుండీ మట్టిలో కంపోస్ట్ మూడో వంతు దాటనివ్వను. ఎర్రమట్టి నాలుగు పాళ్లు, కంపోస్ట్ మూడు, కొబ్బరి పొట్టు మూడు, 15 అంగుళాల బ్యాగుకు ఒక గుప్పెడు వేపపిండి. నారు పోసే ట్రేల్లో ఇంకా తక్కువ, ఐదో వంతు చాలు. సగానికి సగం కంపోస్ట్ నింపితే, ఎంత మాగినదైనా, నెలలు గడిచేకొద్దీ బ్యాగులో మట్టి కుంగిపోతుంది. లవణాలు కూడా పేరుకుంటాయి.

పైరు మీద ఉన్నప్పుడు నెలకోసారి బ్యాగుకు 250 గ్రాములు. కాండానికి రెండంగుళాల దూరంలో చుట్టూ వేసి, పై మట్టిని చిన్న పారతో కదిపి, ఆ పైన ఎండుటాకు కప్పాలి. ఎండలో పైన అలా వదిలేస్తే ఎండి గట్టిపడి పెంకు కడుతుంది.

ఇంకో విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇంటి కంపోస్ట్‌లో నత్రజని సుమారు ఒక శాతం, ఒకటిన్నర శాతం ఉంటుంది. 250 గ్రాముల్లో తడి పోగా మిగిలేది 150 గ్రాములు, అందులో నత్రజని రెండు గ్రాములు. అది కూడా ఒక్క పంటకాలంలోనే మొత్తం అందదు, మెల్లమెల్లగా విడుదలవుతుంది. నేలలో వేరు ఎంత దూరమైనా పోతుంది, బ్యాగులో పోలేదు. కాబట్టి టమాటా, వంగ, బీర లాంటివాటికి కంపోస్ట్ ఒక్కటే సరిపోతుందని నేను చెప్పను. ఆకుకూరలకు సరిపోతుంది. ఇది చూపించడానికే, ఈ జూన్ ఎరువుతో ఆ తర్వాతి నెల జూలైలో నాటిన 14 టమాటా బ్యాగుల్లో రెండింటిని ఉత్త కంపోస్ట్‌తో వదిలేశాం. మిగతా పన్నెండింటికి పూత మొదలైనప్పటి నుంచి ఇరవై రోజులకోసారి నానబెట్టిన పల్లి చెక్క నీళ్లు, బాగా పలచగా. ఆ రెండూ పచ్చగానే ఉన్నాయి, తెగులేమీ రాలేదు, కానీ కాయ సగమే వచ్చింది. ఒక్క తోటలో, ఒక్క పంటకాలం చూసిన సంగతి ఇది. వేరే ఇళ్లలో నేను చూసింది కూడా ఇంచుమించు ఇలాగే ఉంది.

ఈసారి పద్నాలుగూ నిలబడ్డాయి. నాటిన పన్నెండో రోజున ఒక మొక్క పక్కన మట్టి తొలగించి చూశాను. తెల్లటి పిల్లవేళ్లు ఎరువు పలుకులను చుట్టుకుని ఉన్నాయి. థర్మామీటర్ పెడితే లోపల 28, బయట 28. కరివేపాకు కూడా మళ్లీ చిగురించింది.

ఇప్పుడు మూడో డ్రమ్ము మాగుతోంది. చలికాలం కూరలకు వాడుకుందామని టీచర్‌గారి ఆలోచన. మొన్న మెంతులు వేస్తే 15 మొలిచాయి. నేనేమీ చెప్పకముందే "ఇంకో రెండు వారాలు ఆగుదాం" అన్నారు ఆవిడ. ఆకు ఆరు బస్తాలు మిగిలింది. మళ్లీ కానుగ ఆకు రాలే దాకా అది చాలదు. నవంబర్ నుంచి అట్టపెట్టెలు దాచమని కోడలికి చెప్పి వచ్చాను.